ఇంజను చల్లారే దాకా

ఇంజను వేడి చూపించే సూది ఎర్రగీత మీదికి వచ్చేసింది. ఇంకొంచెం, ఇంకొంచెం పోనిద్దాం అనుకుంటూ అంతదూరం లాక్కొచ్చింది గానీ ఇక ఆపక తప్పదని ఆమె తాళం తిప్పేసింది. అంతే, బయల్దేరినప్పటినుంచీ అరికాళ్ళ కింద దడదడలాడుతున్న చెక్కలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి, పడవ ఆ ఊపున కాస్త దూరం పోయి, పక్కకి తిరిగి, ఊగడం మొదలుపెట్టింది. లంగరు వదిలింది. గొలుసు జారినంతసేపు జారి ఎక్కడో అడుగున బురదలో ఆగింది. ముందర చూస్తే అవతలి గట్టు, గట్టు మీద చెట్ల మధ్య ఆ పొడుగాటి పసుపుపచ్చ ఇల్లు. వెనక చూస్తే తమ రేవు, దాని రేకుల కప్పు, ఆ వెనక సందులో ఎక్కడో తమ గది. రెండూ ఒక్కలాగే చిన్నవిగా కనిపిస్తున్నాయి. ఆగితే ఆగింది, ఇలా నడిమధ్యనే ఆగాలా అనుకుంది.

“ఏమైందండీ?” అన్నాడాయన బల్ల మీదనుంచి. టికెట్టు కొనుక్కుని ఎక్కిన మనిషి అడిగినంత మర్యాదగా.

“వేడెక్కింది.”

“నీళ్ళు తిరగట్లేదేమో, చూడండి.”

సరైన మాటే. పొద్దున ఆయన్ని పడవెక్కించడానికి ఆమె చెప్పిన అబద్ధం సరిగ్గా ఇదే. ఇంజను వేడెక్కుతోందండీ, నీళ్ళు సరిగ్గా తిరగట్లేదు, నాకేమీ అంతుపట్టడం లేదు, ఒక్కసారి వచ్చి చూద్దురూ. ఎవరెంత బతిమాలినా మంచం దిగని మనిషి ఇంజను అనేసరికి లేచి చెప్పులేసుకున్నాడు. చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు, ఒకటి పైకీ ఒకటి కిందకీ, సరిచెయ్యబోతే చెయ్యి విదిలించాడు. బట్టల సంచీ ఆయనకి కనపడకుండా ముందే తెచ్చి పడవలో పాత టైరు వెనక దాచింది. రేవులో తాడు విప్పుతున్నప్పుడు ఇంజను గుండ్రాయిలా ఉంది, ఏ రోగమూ లేదు. లేదనే అనుకుంది. ఇప్పుడు ఆ అబద్ధమే వచ్చి నిజమై కూర్చుంది, నువ్వే కదా పిలిచావు అన్నట్టు.

నేల చెక్క ఎత్తింది. వేడి ముఖాన కొట్టింది, మాడిన రంగు వాసన, కాగిన రబ్బరు వాసన. ఇప్పుడు చెయ్యి పెట్టడానికి లేదు, కాస్త చల్లారాలి. ఇంజను చల్లారే దాకా చేసేదేమీ లేదు. అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది, ఆ గుంతలోకి చూస్తూ. ఈ గుంత ఎప్పుడూ ఆయనది. ఆయన అందులో నడుము దాకా దిగి ఉండేవాడు, ఇంజను తల మీద చెయ్యేసి, ఒక చెవి అటు ఒగ్గి, జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు. రేవులో అందరూ ఆయన్ని చెవి మేస్త్రీ అనేవాళ్ళు. ఎవడి పడవైనా నీళ్ళ మీద దూరంగా పోతుంటే గట్టున టీ తాగుతూనే, వాడి పంపు పోయిందిరా, పొగగొట్టం పొడిగా మోగుతోంది, అనేవాడు, సాయంత్రానికి వాడు తాడు కట్టించుకుని తిరిగొచ్చేవాడు. పొడిగా మోగడమంటే ఏమిటండీ అని ఆమె ఓసారి అడిగింది. ఇదిగో, ఇలా, అని నాలుక ఆరిపోయినవాడిలా ఖక్ ఖక్‌మని చూపించాడు, తర్వాత గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకుని గుడగుడలాడించాడు, ఇది మంచి ఇంజను, అని. ఆ నీళ్ళు ఆమె మీదే పడ్డాయి. కొత్తగా పెళ్ళయిన రోజులు. అప్పుడు ఆమె పని ఒక్కటే, పడవ వెనక అంచు మీదనుంచి వంగి చూడటం. గుంతలోంచి ఆయన కేకేసేవాడు, “ఇదిగో! నీళ్ళొస్తున్నాయా?” నది నీళ్ళు అడుగునుంచి లోపలికి పోయి, ఇంజను వేడంతా మోసుకుని, పొగతో పాటు వెనకనుంచి ఉమ్మినట్టు పడాలి. పడుతుంటే “వస్తున్నాయి!” అనాలి. “ఎలా వస్తున్నాయే?” “బాగానే వస్తున్నాయండీ!” పెళ్ళాంతో మాట్లాడవేంట్రా నువ్వసలు అని ఆయనక్క వేళాకోళమాడితే, రోజూ మాట్లాడతాగా, నీళ్ళొస్తున్నాయా అని, అనేవాడు. నిజమే, అంతే మాట్లాడుకున్నారేమో. కానీ ఆ ఇదిగో అన్న పిలుపులో ఆమె పేరు, ఊరు, వయసు అన్నీ ఉండేవి. ఏమండీ అంటున్నాడు ఇప్పుడు. మీరు అంటున్నాడు. మొన్న అన్నం పెడితే, మీకు శ్రమ ఇచ్చానమ్మా, అన్నాడు. చెంపమీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

“బెల్టు వదులై ఉంటుందండీ. బిగించెయ్యండి, పోతుంది.”

ఈ ఇంజను నీళ్ళ పంపుకి బెల్టు లేదు. ఇది పళ్ళచక్రం మీద తిరిగే పంపు. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆయన చేతులతో ఆయనే బిగిస్తుంటే స్పానర్లు అందించింది కదా. అయినా ఆమె చెయ్యి ఆ వేడిలోకి పోయి పంపు వెనక తడిమింది. ఇన్నేళ్ళ నమ్మకం, చేతికి చెప్పినా వినదు. వేలి కొస చురుక్కుమంది. బెల్టు ఎక్కడిదీ అనుకుంది వేలు నోట్లో పెట్టుకుని, అప్పుడు తట్టింది, బెల్టు పాత పడవది. ఆమె రాకముందు ఆయన నడిపిన పడవ. ఆ పడవని ఆమె చూడనైనా లేదు, మాటల్లో విన్నది. అంటే ఆయన ఇప్పుడు ఆ పడవలో ఉన్నాడు. అక్కడ ఆమె లేదు, రాలేదు, వస్తుందని కూడా తెలీదు. మనిషి మరిచిపోతే మళ్ళీ గుర్తొస్తుందని ఆశ పెట్టుకోవచ్చు, ఇంకా కలవనే లేదంటే ఏం చెయ్యాలి.

ఇంజను మీద ఉమ్మి తడి పెట్టి చూసింది, సుర్రుమనలేదు. నది నీళ్ళు లోపలికొచ్చే వాల్వు పిడిని అడ్డంగా తిప్పి మూసింది. మూసిందా లేదా అని మళ్ళీ తోసి చూసింది. ఆ పిడి అంటే ఆమెకిప్పుడు పామంత భయం. ఎండాకాలం మొదట్లో, పడవనిండా జనం, బడి పిల్లల తల్లులు, మార్కెట్టు బుట్టలు, అప్పుడాయన ఎప్పుడు దిగాడో గుంతలోకి దిగాడు, పైపు ఊడదీశాడు, వాల్వు బార్లా తెరిచాడు, తెరిచి పైకొచ్చి బల్ల మీద కూర్చుని ఆకాశం చూస్తున్నాడు. ఎవరో కాళ్ళు తడుస్తున్నాయని అరిచేదాకా తెలీదు. ఆమె నీళ్ళలో మోకాళ్ళ మీద పాక్కుంటూ పోయి మూసింది. జనం ఒకర్నొకరు పట్టుకుని ఒక పక్కకి తొక్కుకుంటుంటే పడవ ఒరిగిన ఒరుగు ఇప్పటికీ కడుపులో ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. రేవు అధికారి మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాడు, ఇకమీదట ఆయనైనా పడవ ఎక్కకుండా ఉండాలి, లేదా పడవైనా నీళ్ళలోకి దిగకుండా ఉండాలమ్మా, మీరే ఆలోచించుకోండి. ఆలోచించుకోవడానికేముంది, ఆ పడవే అన్నం. ఆయన్ని గదిలో ఉంచి బయట గొళ్ళెం పెట్టి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు తిరిగొచ్చేసరికి తలుపు లోపలివైపు గీతలు, నెత్తురు, ఆయన గోళ్ళు రెండు సగానికి చీలిపోయి ఉన్నాయి. నవ్వుతూ చూపించాడు, ఇంజను గది తలుపు ఇరుక్కుపోయిందండీ, అని. ఆ రాత్రి ఆయన వేళ్ళకి గుడ్డలు చుట్టి, తెల్లారి, మతిమరుపు ముదిరినవాళ్ళని ఉంచుకుని చూసే ఆ పసుపుపచ్చ ఇంటికి ఫోను చేసింది. తర్వాత ఆయనక్కకి. “మా తమ్ముణ్ణి పరాయివాళ్ళ మధ్య పడేస్తావా?” అంది వదిన. “మీరు పెట్టుకుంటారా వదినా?” అంటే అవతల వదిన ఏడవడం వినిపించింది, ఇద్దరూ చెరో చివర ఏడ్చి పెట్టేశారు.

నీళ్ళు వడగట్టే డబ్బా మూత తిప్పింది. లోపల జల్లెడ నిండా నాచు, పచ్చగా, జుట్టులా, దాని మధ్య నలిగిన పాలిథిన్ కాగితం. ఇదే, దొరికింది, అనుకుంది, మనసు ఎంత తేలికపడిందంటే దాదాపు నవ్వొచ్చింది. నాచంతా పీకి నదిలో విసిరింది, జల్లెడ కడిగింది, మూత రబ్బరు తుడిచి గాలి పోకుండా బిగించింది, వాల్వు తెరిచింది, తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. వెనక్కి పరిగెత్తి అంచు మీదనుంచి వంగింది. పొగ. పొగలో నాలుగు చుక్కలు. ఖక్ ఖక్. తెల్లటి ఆవిరి మొదలవగానే మళ్ళీ వచ్చి ఆపేసింది. జల్లెడలో ఉన్నది రోజూ ఉండే చెత్తే కాబోలు. ఇక మళ్ళీ చల్లారే దాకా కూర్చోవడమే.

ఇసుక పడవ అటుగా వచ్చింది, ఖాళీగా, రేవువైపు పోతూ. దాన్ని నడిపే సరంగు ఇంజను తగ్గించి దగ్గరికి జరిపాడు. చెవి మేస్త్రీ దగ్గరే పని నేర్చుకున్నవాడు.

“ఏంటక్కా, ఆగిపోయింది?”

“వేడెక్కింది.”

“తాడు వెయ్యనా? రేవుకే పోతున్నా, లాక్కుపోతా.” అని బల్ల వైపు చూసి, “మేస్త్రీ, బాగున్నావా?” అన్నాడు గట్టిగా.

ఆయన చెయ్యెత్తి చిరునవ్వు నవ్వాడు, ఎవరికైనా నవ్వే నవ్వు. సరంగు చూపు దించుకున్నాడు. తాడు చుట్ట చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు. ఆ తాడు చివర తమ రేవు, తమ సందు, తమ గది, ఆయన మంచం. పట్టుకుంటే చాలు. ఇంజను చెడిపోయింది, ఏం చెయ్యను, రాలేకపోయాను, అని ఫోనులో చెప్పొచ్చు, ఎవరూ తప్పు పట్టరు, ఈ రాత్రికి ఆయన ఊపిరి పక్కన వినిపిస్తుంది. తర్వాత? మళ్ళీ ఒక పొద్దున లేచి సంచీ సర్దాలి, మళ్ళీ ఏమండీ ఇంజను వేడెక్కుతోంది అనాలి, మళ్ళీ ఆయన నమ్మి చెప్పులేసుకుంటుంటే చూడాలి. చెయ్యడమైతే ఒకసారి చేసింది గానీ ఆ పని ఇంకోసారి తన వల్ల కాదు. సంచీ మొయ్యడం కాదు, ఆయన అలా నమ్మడం చూడటం.

“వద్దు తమ్ముడూ. పంపు చూస్తాను. అయిపోతుంది.”

“ఒక్కదానివీ...”

“అయిపోతుందన్నాగా.”

వాడు తాడు కింద పెట్టి వెళ్ళిపోయాడు. వాడి పడవ వెనకనుంచి నీళ్ళు ఎంత దండిగా పడుతున్నాయో చూస్తూ నిలబడింది.

ఈసారి వరసగా వెతకాలి. ఆయన అలాగే వెతికేవాడు, నీళ్ళు వచ్చే దారినే, నదినుంచి మొదలుపెట్టి. నీటికి ఎక్కడ అడ్డొస్తుందో నీటినే అడగాలి అనేవాడు. వాల్వు మూసి, దాని మీదినుంచి పంపుకి పోయే పైపు క్లిప్పు వదులు చేసి పైపు లాగింది, బిగుతుగా ఉంది, రెండు చేతులా ఊపి లాగితే ఊడొచ్చి నెత్తికి తగిలింది. స్క్రూడ్రైవరు కోసం వెనక్కి తిరిగి పెట్టెలో వెతుకుతోంది. అంతలో వెనకనుంచి హోరుమన్న చప్పుడు, నడుం మీద చల్లగా దెబ్బ. తిరిగి చూస్తే ఆయన గుంత అంచున మోకాళ్ళ మీద ఉన్నాడు, చెయ్యి వాల్వు పిడి మీద, నది మనిషి పిడికిలంత లావున లేచి లోపలికి దూకుతోంది.

“వదులు! ముట్టుకోకు నువ్వు! వదిలెయ్ అంటుంటే!”

నువ్వు అంది. పెళ్ళయినప్పటినుంచీ ఆయన్ని అనని మాట. ఆయన చెయ్యి నెట్టేసి పిడి తిప్పింది, హోరు ఆగింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, కొడతారేమోనని. చీలిన గోళ్ళు అప్పుడే కొంచెం పెరుగుతున్నాయి. ఆమె తన తడి చేతులు రెండూ వెనక్కి దాచుకుంది. ఆయనే మెల్లగా చేతులు దించాడు.

“నీళ్ళు బాగానే వస్తున్నాయండీ,” అన్నాడు, భయపడుతూ. “కింద అడ్డేం లేదు.”

అప్పుడు వెలిగింది. ఆయన చూసింది అదే. పైపు ఊడదీసి, వాల్వు ఒక్క క్షణం తెరిచి, ధార ఎలా వస్తోందో చూసి మూసెయ్యడం. ధార సన్నంగా ఉంటే అడ్డు పడవ కిందే, దండిగా ఉంటే అడ్డు ఇంకా ముందర. ఎన్నిసార్లు చెయ్యలేదు ఆమె కళ్ళముందే. ఎండాకాలంలో ఆ రోజు కూడా అదే చేశాడేమో. ఇంజను ఏదో తేడాగా మోగింది, ఎవరికీ వినపడనిది ఆయన చెవికి వినపడింది, దిగి చూడబోయాడు, తెరిచాడు, మూసే సంగతి ఒక్కటే మరిచిపోయాడు. పిచ్చి పని అన్నారు అందరూ, ఆమె కూడా అంది. పని పిచ్చిది కాదు, సగమే మిగిలింది. ఎవరికి చెప్పాలి ఇది, రేవు అధికారికా, చెబితే మాత్రం సగం పని తెలిసినవాణ్ణి పడవలో ఉండనిస్తారా. తెలిసి తెరిచాడా, చెయ్యి ఊరికే తిరిగిందా, ఆయన్ని అడగబోయింది, ఆయన అప్పటికే తన తడి చేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, ఎందుకు తడిసిందో అర్థం కానట్టు.

లోపల చేరిన నీళ్ళు డబ్బాతో తోడిపోసింది. పంపు మూత మరలు ఒక్కొక్కటే విప్పి చీర మీద వేసుకున్న చొక్కా జేబులో వేసుకుంది. మూత రాగానే తెలిసిపోయింది. లోపలి రబ్బరు చక్రం సగం బోడిగా ఉంది. ఆరు రెక్కల్లో మూడు మొదలంటా తెగిపోయి, మిగిలినవి ఎండిన తోలులా చీలికలు చీలికలుగా ఉన్నాయి. ఇది ఇవాళ చెడిపోయింది కాదు, నెలలుగా ఒక్కో రెక్కా రాలుతూ ఉండాలి. నెలలుగా ఇంజను పొడిగా మోగుతూనే ఉండాలి, తను టికెట్లు చింపుతూ, చిల్లర ఇస్తూ, గది గొళ్ళెం గురించే ఆలోచిస్తూ నడిపింది, వినలేదు. వినగల మనిషిని గదిలో పెట్టి వచ్చింది. కొత్త చక్రం ఆయన ఎప్పుడో తెచ్చిపెట్టిందే అరలో ఉంది, గుడ్డలో చుట్టి. సబ్బు రాసి, రెక్కలన్నీ తిరిగే వైపుకే వంచుతూ లోపలికి తోసింది. తెగిన ముక్కలు దొరక్కపోతే లాభం లేదని గుర్తుంది, అవి ముందరి పైపులో పోయి అడ్డం పడతాయి. వంకర తీగతో గెలికి గెలికి రెండు లాగింది. మూడోది ఎంతకీ రాలేదు. ఆ ముందరి పైపు కూడా ఊడదీసి నోరు పెట్టి ఊదింది, బురదగా, చమురుగా, కళ్ళు బైర్లు కమ్మేలా ఊదింది, అప్పుడు అటు చివరనుంచి టప్పున పడింది, నల్లగా, ఊడిన పన్నులా. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఏడ్చింది, రబ్బరు ముక్క కోసం.

పంపు మూత బిగించి, పైపులు ఎక్కించి, క్లిప్పులు బిగించి, వాల్వు తెరిచి, తాళం తిప్పింది. ఇంజను లేచింది. గుంతలో ఉండే తలెత్తి కేకేసింది.

“ఏమండీ! నీళ్ళొస్తున్నాయా?”

చేతులు తుడుచుకుంటూ మళ్ళీ కేకేసింది.

“ఏమండీ!”

పైకెక్కి వచ్చింది. ఆయన వెనక అంచు మీద బోర్లా పడుకుని చెయ్యి కిందకి చాపి ఉన్నాడు. నీళ్ళు గుడగుడమని, పొగతో కలిసి, దండిగా ఆ చేతి మీద పడుతున్నాయి. ముఖం నిండా తుంపర. అలాంటి ముఖం చూసి ఎన్నాళ్ళయిందో.

“వెచ్చగా ఉన్నాయి,” అన్నాడు ఆమెని చూసి. “బాగా చేశారండీ. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?”

ఆమె వచ్చి పక్కన కూర్చుని తనూ చెయ్యి ఆ ధార కింద పెట్టింది. కాసేపు రెండు చేతుల మీదా పడ్డాయి నీళ్ళు.

“బాగైపోయిందిగా. ఇక ఇంటికి తిప్పేయండి,” అన్నాడాయన లేస్తూ. “మా ఆవిడ ఒక్కతే ఉంటుంది. పొద్దుపోతే కంగారు పడుతుంది.”

“అలాగేనండీ,” అంది.

లంగరు ఎత్తి, చక్రం పట్టుకుని, పడవ ముక్కుని పసుపుపచ్చ ఇంటివైపే ఉంచింది. ఆయన ముందర నిలబడి, గట్టు దగ్గరవుతున్నకొద్దీ మెడ చాచి చూస్తున్నాడు, అది తమ రేవే అనుకుంటూ. అవతలి రేవు తగిలీ తగలకముందే దూకి తాడు గుంజకి చుట్టాడు, రెండు చుట్లూ ఒక ముడీ, తప్పులేకుండా. నర్సు మెట్లు దిగి వచ్చింది, తెల్ల బూట్లు, మెత్తటి గొంతు. “మా ఆవిడ వచ్చిందా ఇక్కడికి?” అని అడిగాడామెని. నర్సుకి అలవాటే కాబోలు, “వస్తారు, లోపల కూర్చుందాం రండి,” అంది. సంచీ అందుకుంది. ఆమె మాత్రం పడవ దిగలేదు. దిగితే మళ్ళీ ఎక్కడం తన వల్ల కాదు. ఆయన నర్సు వెనకే మెట్లెక్కుతూ, సగంలో ఆగి వెనక్కి చూశాడు, ఆమె చెయ్యెత్తబోయింది. ఆయన చూసింది ఇంజను వైపు. విన్నాడు. సరే అన్నట్టు తలాడించి పైకి వెళ్ళిపోయాడు.

ఆయన కట్టిన ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పి, పడవ తిప్పింది. ఒకచోట, సరిగ్గా నది నడుమ, సూదివైపు చూసింది. ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఇంజనుని ఆగమని మనసులో ఎంతగానో కోరుకుంది, దేనికో తెలీదు. తిరుగుదారిలో ఇంజను ఎక్కడా ఆగలేదు.